గాస్‌ఫర్త్ రాతిసిలువ: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ సెలవులకు లేక్ డిస్ట్రిక్ట్ వైపు బయల్దేరే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. సరస్సులు చూస్తారు, కొండలెక్కుతారు, వెనక్కి వచ్చేస్తారు. ఆ దారిలోనే ఒక పల్లె చర్చి ఆవరణలో వెయ్యేళ్లు దాటిన రాతిసిలువ ఒకటి నిలబడి ఉందని చెబితే మొదట ఆశ్చర్యపోతారు, తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. అలా ఎక్కువగా వినిపించే ప్రశ్నలనూ వాటి జవాబులనూ ఇక్కడ ఒకచోట చేర్చాను.

ఈ సిలువ సరిగ్గా ఎక్కడుంది?

ఇంగ్లండ్ వాయవ్య మూలన ఉన్న కంబ్రియాలో, గాస్‌ఫర్త్ అనే చిన్న ఊళ్లో, సెయింట్ మేరీస్ చర్చి సమాధుల ఆవరణలో ఉంది. పడమటికి కాస్త దూరం వెళితే ఐరిష్ సముద్రం, తూర్పుకి వెళితే వాస్డేల్ లోయ.

ఒక జాగ్రత్త. న్యూకాజిల్ నగరంలో కూడా గాస్‌ఫర్త్ అనే పేట ఉంది. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకునేటప్పుడు ఊరి పేరు ఒక్కటే కొడితే దేశానికి ఆ చివర తేలతారు. పక్కన కంబ్రియా అని తప్పకుండా చేర్చండి.

ఎంత పాతది? రాయి మీద తేదీ ఏమైనా ఉందా?

తేదీ లేదు, శాసనం లేదు, చేయించినవారి పేరు గానీ చెక్కినవారి పేరు గానీ లేదు. అయినా క్రీ.శ. 10వ శతాబ్దం మొదటి సగానిదని పండితులు దాదాపు ఒప్పుకున్నారు. 920-950 మధ్య అని చెప్పడం పరిపాటి.

తేదీ లేని రాయికి వయసు కట్టేది నగిషీని బట్టే. ఈ స్తంభం కింది భాగంలో ఉంగరాలను ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టుండే గొలుసు పని ఉంది. స్కాండినేవియాలో పుట్టిన బోరె శైలికి దగ్గరి నగిషీ అది. సముద్రానికి అవతల ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో కూడా అలాంటి గొలుసు పని కనిపిస్తుంది. అక్కడ గౌట్ అనే శిల్పి ఒక సిలువ మీద, దీన్నీ మ్యాన్ దీవిలోని మిగతా అన్నిటినీ చెక్కింది తానేనని రూన్ అనే పాత స్కాండినేవియా లిపిలో రాసుకున్నాడు. ఇలాంటి పోలికలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కాలం తేలుతుంది.

చరిత్ర కూడా దీనికి సరిపోతుంది. 902లో ఐర్లండ్‌లోని డబ్లిన్ నుంచి నార్స్ వాళ్లను, అంటే స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగులను తరిమేశారు. ఆ తర్వాతి కాలంలోనే ఐర్లండ్ నుంచీ, మ్యాన్ దీవి నుంచీ వైకింగ్ కుటుంబాలు ఈ తీరానికి వచ్చి స్థిరపడ్డాయి. దోచుకోవడానికి వచ్చిన గుంపులు కావు ఇవి. పొలాలు దున్నుకుని, గొర్రెలు కాచుకుని ఇక్కడే ఉండిపోయినవాళ్లు. ఈ సిలువ వాళ్లదే.

చూడటానికి ఎలా ఉంటుంది?

మొదట తోచేది, ఎంత సన్నగా ఉందో అని. ఎత్తు 4.42 మీటర్లు. ఎర్ర ఇసుకరాయి. మెట్లలా కట్టిన పీఠం మీద నిలబెట్టారు. కింది భాగం చెట్టు మొదలులా గుండ్రంగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ నాలుగు పలకలుగా మారుతుంది. కొనమీద సిలువ తల, దాని చేతులను కలుపుతూ ఒక రాతి వలయం. ఈ వలయం ఐర్లండ్ సిలువల నుంచి వచ్చిన అలవాటు.

కింద గుండ్రంగా ఉన్న భాగం నిజంగానే చెట్టు అని కొందరు పండితుల వాదన. నార్స్ పురాణాల్లో లోకాలన్నిటినీ మోసే యిగ్‌డ్రసిల్ అనే మహావృక్షం ఉంది. ఆ గొలుసు పని దాని బెరడట. క్రైస్తవులు కూడా సిలువను చెట్టుతో పోలుస్తారు కాబట్టి రెండూ ఒకే రాతిలో ఇమిడాయని అంటారు. నాకు ఈ వాదన నచ్చుతుంది. నునుపుగా వదిలేయగలిగిన చోట అంత ఓపికగా బెరడు లాంటి నగిషీ ఊరికే చెక్కరు.

క్రైస్తవ సిలువ మీద థోర్, లోకీల కథలేమిటి?

అందరూ అడిగేది ఇదే. సినిమాల పుణ్యమా అని థోర్, లోకీ, ఓడిన్ పేర్లు ఇప్పుడు మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ సినిమాల లోకీని పక్కన పెట్టి ఈ రాతి మీది లోకీని చూడాలి.

పడమటి ముఖం కింది భాగంలో ఉంటాడు. కాళ్లూ చేతులూ కట్టేసి ఉన్నాయి. తల పైన పాము. పక్కన ఒక స్త్రీ మోకరిల్లి, చంద్రవంకలాంటి గిన్నెను పట్టుకుని ఉంది. ఆమె జుట్టు వెనక్కి ముడేసి జడలా వేలాడుతోంది. ఈ చిన్న చెక్కడంలో కథంతా ఉంది. ఓడిన్ కొడుకు బాల్డర్ చావుకు లోకీ కారకుడు. అందుకు శిక్షగా దేవతలు అతణ్ణి బండలకు కట్టేసి, నెత్తిమీద విషం కారే పామును వేలాడదీశారు. భార్య సిగిన్ మాత్రం వదిలిపోలేదు. పక్కనే కూర్చుని ఒక్కో చుక్కనీ గిన్నెలో పడుతూ ఉంటుంది. గిన్నె నిండితే పారబోయడానికి లేవాలి కదా, ఆ కాస్త వ్యవధిలో విషం అతని ముఖం మీద పడుతుంది. ఆ బాధకు అతను గింజుకుంటే భూకంపాలు వస్తాయని నార్స్ వాళ్ల నమ్మకం.

శిల్పి ఎంచుకున్న క్షణం చూడండి. గిన్నె ఇంకా పాము కిందే ఉంది. ఆమె ఇంకా లేవలేదు.

థోర్ విషయానికొస్తే, అతను ఈ స్తంభం మీద కాదు, చర్చి లోపల ఇంకో రాతి మీద ఉన్నాడు. దాని సంగతి కింద చెబుతాను.

మిగతా ముఖాల మీద ఏముంది?

పడమటి ముఖంలోనే లోకీకి పైన తలకిందులుగా ఒక గుర్రపు రౌతు, ఇంకా పైన చేత కొమ్ము పట్టుకుని, నోళ్లు తెరిచిన మృగాలకు ఎదురు నిలిచిన మనిషి. ఇతను దేవతల కావలివాడు హైమ్‌డాల్ అని ఎక్కువమంది గుర్తిస్తారు. రాగ్నరోక్ అనే ఆఖరి యుద్ధం ముంచుకొచ్చినప్పుడు కొమ్ము ఊది దేవతలను లేపేది అతనే.

తూర్పు ముఖం అన్నిటికన్నా ముఖ్యమైనది. పైభాగంలో ఒక మనిషి మృగం కింది దవడను కాలితో తొక్కి, పై దవడను చేత్తో పట్టి చీలుస్తున్నాడు. ఇతను ఓడిన్ కొడుకు విదార్. రాగ్నరోక్‌లో ఫెన్రిర్ అనే మహా తోడేలు ఓడిన్‌ను మింగేస్తుంది. వెంటనే విదార్ దాని నోరు చీల్చి తండ్రి పగ తీర్చుకుంటాడు. ఆ ప్రళయం దాటి బతికే కొద్దిమంది దేవతల్లో అతనొకడు. సరిగ్గా అతనికి కింద, అదే ముఖం మీద, క్రీస్తు మరణం.

దక్షిణం వైపు రౌతు, కొమ్ముల జింక, తోడేలు లాంటి జంతువు. ఉత్తరం వైపు ఇద్దరు రౌతులు, వాళ్లలో ఒకడు తలకిందులు. ఈ రెండు ముఖాల అర్థం మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. కథ తెలిసిన తూర్పు పడమరలకే ఎక్కువ సమయం ఇవ్వండి.

క్రీస్తును సిలువ వేసిన దృశ్యంలో సిలువే కనబడదేం?

నిజమే, లేదు. చుట్టూ తాడు పేనినట్టున్న అంచుతో ఒక చట్రం, అందులో చేతులు చాచి నిటారుగా నిలబడ్డ మనిషి. వేలాడటం లేదు, తల వాల్చలేదు. కింద ఒక సైనికుడు ఈటెతో పక్కలో పొడుస్తున్నాడు, గాయం నుంచి రక్తం కారుతోంది. ఆ సైనికుణ్ణి క్రైస్తవ సంప్రదాయంలో లాంగినస్ అంటారు. కాబట్టి ఇది సిలువ దృశ్యమే, సందేహం లేదు. మొత్తం రాయే సిలువ అయినప్పుడు లోపల ఇంకో సిలువ చెక్కే పనేముంది?

సైనికుడికి ఎదురుగా ఒక స్త్రీ ఉంది. పొడవాటి కుచ్చెళ్ల వస్త్రం వెనక నేలమీద జీరాడుతోంది, జుట్టు ముడి, చేతిలో పాత్రలాంటిదేదో. మగ్దలేనే మరియ అనుకోవచ్చు, చేతిలోది అత్తరు పాత్ర అనుకోవచ్చు. కానీ ఆమె వేషం మాత్రం స్కాండినేవియాలో దొరికిన వెండి బిళ్లల మీది స్త్రీలదే. వీరులను స్వర్గంలోకి ఆహ్వానిస్తూ మద్యపు కొమ్ము అందించే వాల్కిరీలు వాళ్లు. కొత్త మతపు కథలోని మనిషిని శిల్పి తనకు తెలిసిన బట్టల్లోనే చూశాడు.

అంటే రెండు మతాలను కలగాపులగం చేశారా?

ఈ మాట తరచూ వింటాను, ఒప్పుకోను. ఇది తెలియక చేసిన కలగలుపు కాదు, బాగా ఆలోచించి చేసిన కూర్పు. ఏ దృశ్యాన్ని ఎక్కడ పెట్టారో చూస్తే తెలుస్తుంది. విదార్ మృగం నోటిని గెలిచాడు. మధ్యయుగ క్రైస్తవులు నరకాన్ని మృగం నోరుగానే బొమ్మ గీసేవాళ్లు, దాన్ని గెలిచినవాడు క్రీస్తు అని నమ్మేవాళ్లు. ఆ ఇద్దరూ ఒకే ముఖం మీద, ఒకరి కింద ఒకరు. క్రీస్తు దృశ్యం కింద పెనవేసుకున్న పాములు. పడమట కట్టేసి ఉన్న లోకీ, క్రైస్తవ గ్రంథంలో సంకెళ్లు పడ్డ సాతాను. హైమ్‌డాల్ కొమ్ము, తీర్పు రోజున మోగే బూర.

ఇది వినేవాళ్లు ఎవరో ఊహించండి. తాతల నుంచి ఓడిన్ కథలు విన్న రైతులు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. మీ తాతలు చెప్పిన ప్రళయం నిజమే, దాని తర్వాత వచ్చే కొత్త లోకానికి అధిపతి ఇదిగో ఇతను అని వాళ్లకు చెప్పాలి. పాత కథను చెరిపేయకుండా దాన్నే మెట్టుగా వాడుకున్నారు. పాత దేవుళ్ల కథల్లోంచి ఎంచుకున్నది వాళ్ల వైభవాన్ని కాదు, వాళ్ల అంతాన్ని అని కూడా గమనించాలి.

వేరే అభిప్రాయమూ ఉంది. సిలువ వేయించిన ధనవంతుడి ఇంట్లో రెండు విశ్వాసాలకూ గౌరవం ఉండేదనీ, అందుకే రెండూ చెక్కించాడనీ కొందరంటారు. నాకు మాత్రం అన్ని దృశ్యాలూ ఒకే వాదనవైపు నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

ఈ నార్స్ కథలు ఏ గ్రంథంలో ఉన్నాయి? శిల్పి దాన్ని చదివాడా?

చదివే అవకాశమే లేదు. లోకీ శిక్ష, విదార్ పగ వంటి కథలను వివరంగా రాసింది ఐస్‌లాండ్‌కు చెందిన స్నోరి స్టుర్లుసన్, 1220 ప్రాంతంలో. అంటే ఈ సిలువ చెక్కి అప్పటికి దాదాపు మూడు శతాబ్దాలు. ఇక్కడి శిల్పికి ఆ కథలు నోటి మాటగానే తెలుసు. విదార్ కాలు పెట్టి దవడ తొక్కడం లాంటి వివరం స్నోరి రాతలోనూ ఈ రాతిలోనూ ఒకేలా ఉందంటే, నోటి మీద బతికిన కథ ఎంత పదిలంగా ప్రయాణించిందో తెలుస్తుంది. హరికథలు, బుర్రకథలు వింటూ పెరిగినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఈ బొమ్మలను ఎవరు గుర్తుపట్టారు?

శతాబ్దాల పాటు రాయంతా లైకెన్లు కప్పేసి ఉండేది. మనం బిర్యానీలో వేసే రాతిపువ్వు ఆ జాతిదే. 1880లలో చార్లెస్ అరండెల్ పార్కర్ అనే స్థానిక డాక్టరూ, విలియం కాల్వర్లీ అనే చర్చి గురువూ దీని వెంట పడ్డారు. రాయి కడిగి, బొమ్మలు తేల్చి, ఇవి నార్స్ పురాణాల దృశ్యాలని బయటపెట్టారు. ఇద్దరూ విశ్వవిద్యాలయాల ఆచార్యులు కారు, తమ ప్రాంతం మీద ప్రేమ ఉన్న మనుషులు. కాల్వర్లీ అంతటితో ఆగకుండా తన ఊరు ఆస్పేట్రియా చర్చి ఆవరణలో 1887లో దీనికి రాతి నకలు నిలబెట్టాడు. అది ఇప్పటికీ ఉంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అచ్చు పోసిన ప్లాస్టర్ నకలు ఉంది. కంబ్రియా దాకా వెళ్లలేనివాళ్లు అక్కడ దాని పాదాల దగ్గర నిలబడి చూడొచ్చు.

నేనూ కాస్త నీళ్లు పోసి తోమితే బొమ్మలు బాగా కనిపిస్తాయా?

దయచేసి వద్దు. అప్పటి పద్ధతులు అప్పటివి. ఇసుకరాయి పై పొర తడిస్తే, రాపిడి తగిలితే రేణువులు రాలిపోతాయి. ఇది చట్టరక్షణలో ఉన్న పురాతన కట్టడం, గ్రేడ్ 1 జాబితాలో ఉంది. సుద్దముక్కతో గీతలు దిద్దడం, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం, పీఠం ఎక్కి స్తంభాన్ని కౌగిలించుకుని ఫొటో దిగడం, ఇవేవీ చేయకూడదు.

బొమ్మలు బాగా కనిపించాలంటే కావలసింది వెలుతురు. రాతికి ఎదురుగా పడే వెలుగులో లోతు తెలియదు, పక్కనుంచి ఏటవాలుగా పడితే ప్రతి గీతా లేస్తుంది. మబ్బు పట్టిన మధ్యాహ్నం వెళితే ఏమీ కనబడక నిరాశపడతారు. పొద్దు వాలిన చలికాలపు ఎండ మంచిది. కంబ్రియాలో ఎండను నమ్ముకోలేం కనుక ఒక టార్చి దగ్గర ఉంచుకోండి. దాన్ని రాతికి తాకించకుండా పక్కనుంచి పట్టి మెల్లగా కదిలించండి. గిన్నె, పాము, జడ ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. దృశ్యాలు ఎత్తులో ఉంటాయి కాబట్టి చిన్న బైనాక్యులర్ ఉంటే ఇంకా మేలు.

అప్పుడు కూడా ఇలా ఎర్రటి రాయిగానే ఉండేదా?

బహుశా రంగులు పూసి ఉంటారు. ఆ కాలపు ఇంగ్లండ్ శిల్పాల మీద రంగు జాడలు చాలాచోట్ల దొరికాయి. 2003లో లిచ్‌ఫీల్డ్ కేథడ్రల్ నేల కింద దొరికిన దేవదూత శిల్పం మీద రంగు ఇంకా కనబడుతోంది, ఎందుకంటే అది మట్టిలో దాగి ఉంది. గాస్‌ఫర్త్ సిలువ వానలోనే ఉండిపోయింది.

మరి అంత విలువైనదాన్ని లోపల పెట్టలేదేం?

న్యాయమైన ప్రశ్న. స్కాట్లండ్‌లోని రూత్‌వెల్ సిలువను అలాగే చర్చి లోపలికి చేర్చారు, వాన నుంచి కాపాడారు. గాస్‌ఫర్త్‌ది మాత్రం బయటే ఉంది. ఇలా ఒకే రాతిగా, తలతో సహా, ఆరుబయట నిలిచిన సిలువలు చాలా అరుదు. దీనికి తోడుగా ఇదే ఆవరణలో ఉండిన ఇంకో సిలువను 18వ శతాబ్దంలో నరికి నీడగడియారానికి దిమ్మెగా వాడుకున్నారు. తోటి రాయికి ఆ గతి పట్టినప్పుడు ఇది మిగలడమే అదృష్టం. ఆకాశం కింద, నాలుగు దిక్కులకూ నాలుగు ముఖాలతో చూడటానికి చెక్కిన వస్తువు ఇది. వాతావరణం వల్ల నష్టం జరుగుతోందన్నది కూడా నిజమే. ఎప్పటికైనా ఎవరో ఒక నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. ఈలోగా దీని ప్రతి అంగుళాన్నీ త్రీడీలో పదిలపరచడం మీద డబ్బు పెట్టాలని నా కోరిక.

మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా?

సిలువలు కాదు గానీ, ఆలోచనలో దగ్గరగా వచ్చేవి వీరగల్లులు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ ఊరి పొలిమేరల్లో కనిపిస్తాయి. కింది అరలో యుద్ధం, నడిమి అరలో వీరుణ్ణి అప్సరసలు తీసుకుపోవడం, పై అరలో శివలింగం దగ్గర అతను, కొసన సూర్యచంద్రులు. చదువు రానివాళ్లు కూడా కింది నుంచి పైకి చదువుకోగల కథ. వీరగల్లు చూడటం అలవాటున్న కన్నుకు గాస్‌ఫర్త్ సిలువ త్వరగా లొంగుతుంది.

చర్చి లోపల చూడవలసినవి ఏమైనా ఉన్నాయా?

తప్పకుండా ఉన్నాయి. చాలామంది బయట సిలువ చూసి వెళ్లిపోతారు, అది పొరపాటు. గోడలో అమర్చిన ఒక రాతిపలక మీద థోర్, హైమిర్ అనే రాక్షసుడు పడవలో ఉన్నారు. ఎద్దు తలను ఎరగా గుచ్చి లోకాన్ని చుట్టిన మహాసర్పాన్ని పట్టాలని థోర్ గాలం వేశాడు. పడవ కింద చేపలు కూడా కనిపిస్తాయి.

19వ శతాబ్దం చివర్లో చర్చిని తిరిగి కడుతున్నప్పుడు పునాదుల్లో రెండు పెద్ద సమాధి రాళ్లు బయటపడ్డాయి. ఇంటి పైకప్పులా వీపు ఉబ్బిన ఆకారం, వాటిని హాగ్‌బ్యాక్‌లు అంటారు. ఒకదాని మీద రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. రెండోదాని చివర్లలో సిలువ వేసిన మనిషి బొమ్మ. వానకు తడవకుండా మట్టిలో ఉన్నాయి కాబట్టి చెక్కడం బయటి సిలువ కన్నా స్పష్టంగా ఉంటుంది.

టికెట్ ఎంత? ఎలా వెళ్లాలి?

టికెట్ లేదు. సమాధుల ఆవరణకు ఎవరైనా వెళ్లొచ్చు. కారులో అయితే ఏ595 రోడ్డు ఊరి పక్కనుంచే పోతుంది. రైల్లో అయితే కంబ్రియా తీరం వెంట బారో, కార్లైల్ మధ్య నడిచే లైన్లో సీస్కేల్ స్టేషన్‌లో దిగాలి, అక్కణ్ణించి సుమారు 4 కిలోమీటర్లు.

ఇది ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చర్చి. ఆవరణలో ఈ ఊరివాళ్ల అమ్మానాన్నలు, తాతముత్తాతలు ఉన్నారు. సమాధుల మీద కాలు పెట్టకండి, అంత్యక్రియలు జరుగుతుంటే బయటే ఆగండి. లోపల విరాళాల పెట్టె కనిపిస్తే తోచినంత వేయండి, పల్లె చర్చిల పైకప్పులు నిలిచేది వాటితోనే.

పిల్లలకు విసుగు పుట్టదా?

కథ ముందే చెప్పి తీసుకెళితే పుట్టదు. తోడేలు దవడ ఎక్కడుందో, పాము ఎక్కడుందో వాళ్లనే వెతకమనండి. పెద్దవాళ్ల కన్నా ముందే కనిపెడతారు. ఆవరణలోనే 1833లో నాటిన కార్క్ చెట్టు ఒకటి ఉంది, సీసాల బిరడాలు చేసే బెరడు దానిదే. ఇంత ఉత్తరాన ఈ చెట్టు బతకడమే విశేషం.

అంత దూరం వెళ్లాక ఇంకేం చూడొచ్చు?

కొద్ది కిలోమీటర్ల దూరంలో ఇర్టన్ చర్చి ఆవరణలో ఇంకో సిలువ ఉంది, సుమారు 3 మీటర్లది, 9వ శతాబ్దంది. వైకింగులు రాకముందు, అప్పటికే ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ ఆంగ్లియన్ జాతి శిల్పులు చెక్కినది. దాని మీద కథలుండవు, అల్లికలే అల్లికలు. రెండూ ఒకే రోజు చూస్తే తేడా కళ్లకు కడుతుంది. మిగతా సమయం ఉంటే వాస్డేల్ వైపు వెళ్లండి. ఇంగ్లండ్‌లోకెల్లా లోతైన సరస్సు వాస్ట్‌వాటర్, ఎత్తైన శిఖరం స్కాఫెల్ పైక్ (978 మీటర్లు) అటే ఉన్నాయి.

ఈ కథల మీద నిజంగా మనసు పడినవాళ్లు మాత్రం ఐల్ ఆఫ్ మ్యాన్‌కు ఓడ ఎక్కాలి. అక్కడ ఆండ్రియస్ చర్చిలో థోర్వాల్డ్ సిలువ ముక్క ఉంది. ఒకవైపు ఓడిన్ కాలు తోడేలు నోట్లో ఉంటుంది. వెనకవైపు సిలువా పుస్తకమూ చేతబట్టి పామును తొక్కుతున్న మనిషి. గాస్‌ఫర్త్ శిల్పి నాలుగు ముఖాల మీద నడిపిన వాదనను ఇంకొకరు రెండు ముఖాల్లో ముగించారు.